తొలకరి లోపే చేపల తొట్టి వైర్లు చూసుకోండి

రోహిణి కార్తె ఎండలకు విజయవాడలో ఎర్త్ గుంత, అంటే లీకైన కరెంటును భూమిలోకి దింపే వైరు పాతిన గుంత, అడుగంటా ఎండిపోతుంది. మృగశిర దాటి వానలు మొదలయ్యాయంటే గోడలు చెమ్మెక్కుతాయి, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఇంట్లో చేపల తొట్టి ఉన్నవాళ్ళు ఈలోపే ఒక పూట కేటాయించి వైర్లూ ప్లగ్గులూ చూసుకోవాలి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా ఇంట్లో జరిగింది.

మాది పాయకాపురం. హాల్లో మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి ఉంది. నిండా పోస్తే దాదాపు 190 లీటర్లు. నిరుడు శ్రావణంలో నీళ్ళు చల్లబడి చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చింది. నీళ్ళు కాస్త వెచ్చగా ఉంచుదామని, చలికాలం తర్వాత అటక మీద పడేసిన హీటరు తీసి పెట్టాను. మర్నాడు నాచు గీకుతుంటే వేలి మీద కూరగాయల కత్తి గాటు దగ్గర చురుక్కుమంది. మందు నీళ్ళు తగిలి మండిందనుకున్నాను. నా కాళ్ళకు చెప్పులున్నాయి. కాసేపటికి మా అమ్మ తడిబట్ట పెట్టి నేల తుడిచి, అదే తడి కాళ్ళతో వచ్చి నీళ్ళ మీద తేలుతున్న ఆకు తీయబోయింది. చెయ్యి భుజం దాకా జివ్వున లాగేసింది. ఆ ఊపుకు వెనక్కి పడింది కాబట్టి బతికింది.

హీటరు బయటికి తీసి వెలుతుర్లో పెట్టి చూస్తే, నల్ల రబ్బరు మూత కింద గాజు గొట్టానికి వెంట్రుకంత బీట. లోపల పొగమంచు పట్టినట్టు సన్నటి చెమ్మ. అంతే తేడా. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, చేపలు హాయిగా తిరుగుతూనే ఉన్నాయి.

చేపలకు ఏమీ కాలేదంటే నీళ్ళలో కరెంటు లేదని మనం అనుకుంటాం. ఆ లెక్క తప్పు. గాజు తొట్టి చెక్క స్టాండు మీద ఉంటుంది. అందులో దిగిన కరెంటుకు భూమిలోకి పోయే దారి ఉండదు. కరెంటు తీగ మీద వాలిన కాకికి ఏమీ కానట్టే చేపలకూ ఏమీ కాకపోవచ్చు. తడి నేల మీద ఉత్త కాళ్ళతో నిలబడి మనం చెయ్యి ముంచగానే ఆ దారి మన ఒంట్లోంచి ఏర్పడుతుంది. చేపలు బాగున్నాయి కదా అని ఎవరైనా అంటే దయచేసి నమ్మకండి.

అందుకే ముందుగా అలవాటు చేసుకోవాల్సింది ఒకటే. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు స్విచ్చి కట్టేస్తే చాలదు, ప్లగ్గు ఊడబీకాలి. పాత ఇళ్ళలో కొన్నిచోట్ల స్విచ్చిని కరెంటు వచ్చే ఫేజు తీగకు బదులు, అది తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగ మీద వేసి ఉంటారు. అలాంటప్పుడు స్విచ్చి కట్టినా, ఫిల్టరు ఆగిపోయినా, ఫేజు నీళ్ళ దాకా వచ్చే ఉంటుంది. ఫిల్టరు, లైటు, హీటరు, గాలి మోటారు, నాలుగూ తీశాకే చెయ్యి పెట్టండి. ప్లగ్గు తీసేటప్పుడు మీ చెయ్యి పొడిగా ఉండాలి.

రెండోది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను కట్ చేసే బ్రేకరు. బోర్డులో ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే బ్రేకరు) ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎమ్‌సీబీ పని వైర్లు కాలిపోకుండా చూడడం. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ అంతకంటే ఎక్కువ లాగితేనే పడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కరెంటు కూడా అక్కర్లేదు. ఆర్‌సీసీబీ అలా కాదు. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగొచ్చిందా లేదా అని చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోగా లైను కట్ చేసేస్తుంది. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లదే అడిగి వేయించుకోండి. 100, 300 అని రాసినవి మనిషి రక్షణకు పనికిరావు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే టక్కున పడాలి. వానాకాలంలో మాటిమాటికీ పడుతోందని ఎలక్ట్రీషియన్ చేత దాన్ని తప్పించి డైరెక్టు చేయించేవాళ్ళున్నారు. ఆ పని మాత్రం చేయొద్దు. అది పడుతోందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. ఆ చోటు వెతికించండి.

ఇన్వర్టరు ఉన్నవాళ్ళు ఇంకో సంగతి అడగాలి. కరెంటు పోయినప్పుడు చేపలకు గాలి అందాలని మోటారును ఇన్వర్టరు లైనుకు కలుపుతాం. ఆ లైను ఆర్‌సీసీబీ కాపలాలో ఉందో లేదో వైరింగ్ చేసినవాళ్ళను నిలదీసి అడగండి. లేకపోతే దానికి వేరేగా ఒకటి పెట్టించండి.

ఎర్తింగ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎర్త్ గుంతలో ఎండాకాలమంతా నీళ్ళు పోస్తుండాలి. చౌక ఫిల్టర్లకు రెండు పిన్నుల ప్లగ్గే వస్తుంది, వాటికి ఎర్త్ ఉండదు. వాటి దగ్గర మనల్ని కాపాడేది ఆర్‌సీసీబీ ఒక్కటే. రేకు మూతలో ట్యూబులైటు ఉన్న పాత తొట్టి అయితే, ఆ రేకుకు ఎర్త్ వైరు కచ్చితంగా ఉండాలి.

ఇప్పుడు తొట్టి వెనక్కి వంగి చూడండి. తడిసిన వైరు మీద నీటి బొట్టు జారుకుంటూ నేరుగా ప్లగ్గులోకే దిగుతుంది. అందుకని ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి, అక్కణ్ణుంచి పైకి వెళ్ళేలా వదలాలి. బొట్టు ఆ వంపు దగ్గరే నేల మీద రాలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీదా, తొట్టి కిందా పెట్టకండి. పక్క గోడకు ఎత్తుగా బిగించండి. పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము కనబడితే ఆ ప్లగ్గు మార్చేయండి.

గాలి మోటారు నీటి మట్టం కంటే పైన ఉండాలి. కింద ఉంటే కరెంటు పోగానే సన్న గొట్టంలోంచి నీళ్ళు వెనక్కి వచ్చి మోటారులో దిగుతాయి. పైన పెట్టే వీలు లేకపోతే గొట్టానికి చెక్ వాల్వ్ పెట్టండి, చేపల దుకాణంలో దొరుకుతుంది. హీటరు ప్లగ్గు తీశాక కనీసం పావుగంట ఆగి నీళ్ళు తోడండి. వేడి గాజు గాలికి బయటపడి, దాని మీద చల్లనీళ్ళు పడితే పగులుతుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం, నీళ్ళు ఇంట్లోకి రావడానికి ఎంతోసేపు పట్టదు. గడప దాకా వస్తున్నాయనగానే మెయిన్ కట్టేయండి. వీధిలో కరెంటు తీసేసినా మీ ఇన్వర్టరు సరఫరా ఇస్తూనే ఉంటుంది, దాన్నీ ఆపాలి. బోర్డు దాకా నీళ్ళు చేరితే ఇక ముట్టుకోకండి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. తొట్టి పగిలి హాలంతా నీళ్ళైనా అంతే, తడిలో అడుగు పెట్టకుండా మెయిన్ తీయగలిగితేనే తీయండి. ఎవరికైనా షాకు కొడితే వాళ్ళను పట్టుకుని లాగొద్దు. ముందు మెయిన్ తీయండి, తర్వాత 108.

ఊరెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళకు తాళం ఇచ్చి మేత వేయమని చెబుతాం కదా. మేత పైనుంచి చల్లమనండి, చేప చచ్చి తేలినా చేత్తో తీయొద్దని చెప్పండి. ఏ ప్లగ్గు దేనిదో కాగితం మీద రాసి బోర్డు పక్కన అంటించి వెళ్ళండి. మా ఇంట్లో ఆ కాగితం అమ్మే అంటించింది.