నీట్ ఇంటర్‌తో పాటే రాయాలా, లాంగ్ టర్మ్‌కి వెళ్లాలా? తేల్చుకునే పద్ధతి ఇదీ

నీట్ ఏడాదికి ఒక్కసారే పెడతారు, మామూలుగా మే మొదటి ఆదివారం. తేదీ మన చేతిలో లేదు, ఏ ఏడాది గట్టిగా పట్టుకోవాలన్నదే మన చేతిలో ఉంది. అందుకే "నీట్ ఎప్పుడు రాయాలి సార్" అని అడిగే బైపీసీ పిల్లలందరూ నిజానికి అడుగుతున్నది లాంగ్ టర్మ్ గురించే, అంటే ఇంటర్ అయ్యాక ఏడాది కోచింగ్‌లో కూర్చుని మళ్లీ రాయడం గురించే. ఈ ఆలోచన సెకండియర్ మధ్యలో మొదలవుతుంది, రిజల్ట్ వచ్చిన వారంలో ముదురుతుంది. ఆ వారంలోనే కోచింగ్ వాళ్ల ఫోన్లు, మేనమామల సలహాలు, పక్కవీధి అబ్బాయికి రెండో లాంగ్ టర్మ్‌లో సీటొచ్చిందన్న కబుర్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి, ఎవరి మాట విన్నామో తెలిసేలోపే ఫీజు కట్టేసి ఉంటాం. నన్నడిగితే చూడాల్సినవి రెండే: మీ ర్యాంకు, మీ ఓఎంఆర్ షీట్ (బబుల్స్ దిద్దిన జవాబు పత్రం).

ముందు రూల్స్ చెప్పేస్తాను. అడ్మిషన్ తీసుకునే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి, చిన్నప్పుడు ఒకేసారి రెండు క్లాసులు ఎక్కించిన పిల్లల విషయంలో ఇది చూసుకోండి. పై వయసు పరిమితి 2022లో ఎత్తేశారు. ఇన్నిసార్లే రాయాలన్న లెక్క కూడా లేదు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ పాసవ్వాలి, కనీసం ఇంత శాతం రావాలన్న షరతు ఉందా లేదా అన్నది ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఇప్పుడు సెకండియర్‌లో ఉన్నవాళ్ల సంగతి. "ఎలాగూ ప్రిపేర్ కాలేదు, ఈసారి వదిలేసి వచ్చే ఏడాది ఫ్రెష్‌గా రాస్తా" అనే మాట నాకు అసలు నచ్చదు. రాయండి. మార్చిలో ఐపీఈ (ఇంటర్ పబ్లిక్ పరీక్షలు) అయిపోయాక నీట్‌కి ఐదారు వారాలు ఉంటుంది, సిలబస్ మొత్తం పూర్తి చెయ్యడానికి అది చాలదు, ఒప్పుకుంటాను, కానీ బయాలజీ ఎన్‌సీఈఆర్‌టీ లైన్ టు లైన్ ఒకసారి తిప్పడానికి, కెమిస్ట్రీలో ఇనార్గానిక్ చూసుకోవడానికి, ఫిజిక్స్‌లో వచ్చిన చాప్టర్లనే గట్టిచేసుకోవడానికి బాగా సరిపోతుంది. రాయకపోతే మీరెక్కడున్నారో చెప్పే కాగితం మీ దగ్గర ఉండదు, లాంగ్ టర్మ్ నిర్ణయం గాల్లో తీసుకోవాల్సి వస్తుంది. అప్లికేషన్ మాత్రం ఫిబ్రవరి, మార్చిలోనే వస్తుంది, సరిగ్గా ప్రాక్టికల్స్, ఐపీఈ హడావుడిలో. 2025లో ఫిబ్రవరి 7 నుంచి మార్చి 7 వరకే ఇచ్చారు. కుల ధ్రువీకరణ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ల కోసం మీసేవ చుట్టూ తిరిగే పని జనవరిలోనే అయిపోవాలి.

ఒక్క మినహాయింపు. ఐపీఈలోనే ఫిజిక్స్ పాసవుతామో లేదో అన్న భయం ఉన్నవాళ్లు మార్చి దాకా నీట్ పుస్తకం మూసెయ్యండి. ఇంటర్ పాసవ్వకపోతే నీట్ ర్యాంకు దేనికీ పనికిరాదు.

రాష్ట్ర ఎంట్రన్స్ ఈఏపీసెట్ కూడా రాయండి, బీఎస్సీ అగ్రికల్చర్, బీఫార్మసీ దారులు తెరిచి ఉంటాయి. కానీ ఒక జాగ్రత్త ఉంది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, చివరి ఐదు నిమిషాల్లో మిగిలినవన్నీ కళ్లు మూసుకుని పెట్టేస్తాం. 2025లో తెలంగాణ ఈఏపీసెట్ బైపీసీ పరీక్ష ఏప్రిల్ 29, 30 తేదీల్లో, నీట్ మే 4న జరిగాయి. నాలుగైదు రోజుల తేడాలో ఆ చేతివాటం నీట్ హాల్లోకి కూడా వచ్చేస్తుంది, అక్కడ తప్పుకి ఒక మార్కు కోత.

సరే, రిజల్ట్ వచ్చింది. మొదట మార్కులు పక్కనపెట్టి ఆల్ ఇండియా ర్యాంకు చూడండి. ఎందుకంటే మార్కు విలువ ఏటా మారిపోతుంది. 2024లో 600 దాటినవాళ్లు దేశం మొత్తం మీద ఎనభై వేలకు అటూఇటూ ఉన్నారు, 2025లో ఫిజిక్స్ పేపర్ చావగొట్టడంతో 600 దాటినవాళ్లు దాదాపు 1,300 మందే, టాపర్‌కే 686. అంటే 2024లో 600 తెచ్చుకుని సీటు రాక ఏడ్చిన అన్నయ్య కథ విని, 2025లో 520 తెచ్చుకున్న తమ్ముడు లాంగ్ టర్మ్‌కి బ్యాగు సర్దుకుంటే అంతకన్నా అన్యాయం లేదు. ర్యాంకు దొరికాక, ఏపీ వాళ్లయితే విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణ వాళ్లయితే వరంగల్ కాళోజీ యూనివర్సిటీ నిరుడు ఇచ్చిన అలాట్‌మెంట్ లిస్టులు తెరవండి. మీ కేటగిరీలో, ఏపీలో అయితే మీ ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) లేదా ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) రీజియన్‌లో, కన్వీనర్ కోటాలో ఆఖరి సీటు ఏ ర్యాంకుకి పోయిందో కాగితం మీద రాసుకోండి. చివరి రౌండ్ దాకా చూడాలి, మొదటి రౌండ్ చూసి డీలా పడితే లాభం లేదు. మేనేజ్‌మెంట్ కోటా ఫీజు ఇంట్లో భరించగలరా లేదా అన్న మాట కూడా ఆ రోజే తేల్చుకోండి, ఆగస్టులో అప్పుల లెక్క మొదలుపెడితే ఎవరికీ మనశ్శాంతి ఉండదు.

ఆ ఆఖరి ర్యాంకుకి మీ ర్యాంకు దగ్గరగా ఉంటే కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆగండి. దూరంగా ఉంటే తర్వాతి పని ఓఎంఆర్. ఇది చేసేవాళ్లు చాలా తక్కువ, నా దృష్టిలో మొత్తం నిర్ణయం ఇక్కడే ఉంది.

రిజల్ట్‌కి ముందే నీట్ పెట్టే ఎన్‌టీఏ మీ ఓఎంఆర్ స్కాన్‌నీ, కీనీ వెబ్‌సైట్లో పెడుతుంది. రెండూ డౌన్‌లోడ్ చేసుకోండి, తర్వాత దొరక్కపోవచ్చు. క్వశ్చన్ పేపర్ మీ దగ్గరే ఉంటుంది. మూడూ బల్ల మీద పెట్టుకుని, తప్పైన ప్రతి ప్రశ్న పక్కన పెన్సిల్‌తో ఒక అక్షరం రాయండి: చాప్టరే చదవలేదు అంటే "చ", చదివాను కానీ మర్చిపోయాను లేదా రెండు ఆప్షన్ల మధ్య కొట్టుకున్నాను అంటే "మ", వచ్చిన లెక్కే తప్పు చేశాను, బబుల్ పక్కది దిద్దాను అంటే "పొ", ఊరికే గుడ్డిగా పెట్టాను అంటే "గు". ఉదాహరణకి ఒకమ్మాయికి 470 వచ్చాయనుకుందాం: 128 కరెక్ట్, 42 తప్పు, 10 వదిలేసింది. 512లోంచి 42 పోతే 470. ఆ 42 తప్పుల్లో 20 "గు" అని తేలితే, వాటిని ముట్టుకోకుండా ఉంటేనే 490 వచ్చేది. ఇంకో 15 "మ", "పొ" అయితే, వాటిని సరిచేసుకుంటే ఒక్కోదానికి నాలుగు వస్తాయి, పోయిన ఒకటి మిగులుతుంది, మొత్తం 75. అంటే కొత్తగా ఒక్క చాప్టర్ కూడా నేర్చుకోకుండా 565 దాకా దారి ఉంది. ఇలాంటి పిల్లకి లాంగ్ టర్మ్ బంగారంలా పనిచేస్తుంది, ఎందుకంటే రోజూ టెస్టు, వారానికో గ్రాండ్ టెస్టు అనే ఆ రుబ్బుడు సరిగ్గా "మ", "పొ"లనే అరగదీస్తుంది.

అదే 470 ఇంకొకరికి వేరేలా రావచ్చు. తప్పులు తక్కువ, వదిలేసినవే ఎక్కువ, ఫిజిక్స్‌లో సగం చాప్టర్లు "చ". ఇతనికీ లాంగ్ టర్మ్ పనికొస్తుంది, కానీ షరతు ఉంది: ఫిజిక్స్ అంటే వచ్చే విసుగు తగ్గాలి. బయాలజీలో 360కి 300 దాటి, ఫిజిక్స్ 180కి నలభైల్లో ఆగినవాళ్లు మన బైపీసీలో కోకొల్లలు, వాళ్లలో మెకానిక్స్ మళ్లీ మొదటినుంచి కూర్చుని చేసినవాళ్లు పైకొస్తారు, బయాలజీనే ఇంకో పదిసార్లు చదివినవాళ్లు పదిహేను మార్కులు పెంచుకుని అక్కడే ఆగిపోతారు. ఇక రెండేళ్లు కోచింగ్‌తో చదివి కూడా బయాలజీలోనే సగం మార్కులు దాటనివాళ్లు ఉంటే, నేను మొహమాటం లేకుండా చెప్తాను, ఏడాది పెట్టే ముందు డాక్టర్ అవ్వాలన్నది ఎవరి కోరికో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఇంకా తేలకపోతే జూన్‌లో పదిరోజులు ఇంట్లో ట్రయల్ వేసుకోండి. ఫోన్ అమ్మకిచ్చి, ఉదయం ఆరుకి లేచి, మీకు బొత్తిగా రాని ఫిజిక్స్ చాప్టర్ ఒకటి, కెమిస్ట్రీ చాప్టర్ ఒకటి పట్టుకోండి. పదో రోజు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు (నీట్ టైమ్ అదే, అన్నం తిన్నాక నిద్రొచ్చే టైమ్) ఒక పాత పేపర్ రాయండి. మార్కులు ఎన్నన్నది అనవసరం, పదిరోజులు కూర్చోగలిగారా లేదా చూసుకోండి. కూర్చోలేకపోతే హాస్టల్‌లో పది నెలలు కూర్చోబెట్టడం ఏ వార్డెన్ వల్లా కాదు.

డబ్బు విషయానికొస్తే, మేలోనే "ఎర్లీ బ్యాచ్, ఈ వారం కడితే డిస్కౌంట్" అని తొందరపెడతారు. రిజల్ట్ రాకుండా పూర్తి ఫీజు కట్టొద్దు. సీటు వస్తే ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా అడగండి. బోర్డు మీద ఉన్న ఫొటోల్లోని ఫ్యాకల్టీ కాకుండా మీ సెక్షన్‌కి ఫిజిక్స్ చెప్పేది ఎవరో అడగండి, సెక్షన్‌లో ఎంతమందో అడగండి, స్టడీ అవర్లో డౌట్ వస్తే అడగడానికి మనిషి ఉంటాడా లేక నిశ్శబ్దంగా కూర్చోమనే మనిషే ఉంటాడా అన్నది పోయినేడు అక్కడ చదివినవాళ్లని అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి, జిరాక్స్ చాలు. రాష్ట్రంలో లోకల్ హోదా పోతుందేమో అని కొంతమంది భయపడతారు: లోకల్ లెక్క ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ల చదువుని బట్టి ఉంటుంది, లాంగ్ టర్మ్ విజయవాడలో చేసినా రాజస్థాన్‌లోని కోటా ఊళ్లో చేసినా అది మారదు. ఇంటర్ అడ్మిషనే బయటి రాష్ట్రంలో తీసుకున్నవాళ్లకే అసలు చిక్కు.

కౌన్సెలింగ్‌లో ఒక ఉచ్చు ఉంది, మళ్లీ రాద్దామనుకునేవాళ్లు చదివి తీరాలి. ఆల్ ఇండియా కోటా చివరి స్ట్రే రౌండ్‌లో (మిగిలిపోయిన సీట్లు ఇచ్చే రౌండ్) సీటు వచ్చాక చేరకపోతే డిపాజిట్ పోవడమే కాదు, ఆ కౌన్సెలింగ్ నడిపే ఎంసీసీ నిబంధనల ప్రకారం తర్వాతి నీట్ రాయకుండా కూడా ఆపేస్తారు. "ఊరికే ఆప్షన్లు పెట్టి చూద్దాం" అని ఆ రౌండ్‌లోకి వెళ్లకండి. అలాగే రాష్ట్ర కోటాలో బీడీఎస్‌లోనో ఎంబీబీఎస్‌లోనో చేరి మధ్యలో మానేసే ఆలోచన ఉంటే, మానేస్తే ఎంత కట్టాలో ఆ ఏటి నోటిఫికేషన్లో చదివాకే సంతకం పెట్టండి.

రెండో లాంగ్ టర్మ్ గురించి నా అభిప్రాయం కొంచెం కఠినంగానే ఉంటుంది. మొదటి ఏడాదిలో ర్యాంకు బాగా మెరుగుపడి, ఆఖరి సీటుకి కొద్దిలో తప్పి, ఓఎంఆర్‌లో ఇంకా "పొ"లు కనిపిస్తుంటే వెళ్లండి. ర్యాంకు ఉన్నచోటే ఉంటే అదే హాస్టల్, అదే మెటీరియల్‌తో ఇంకో ఏడాది వెళ్లడంలో అర్థం లేదు. ఏదైనా డిగ్రీలో చేరి పక్కన ఇంట్లో టెస్ట్ సిరీస్‌తో రాసుకోవచ్చు, వయసు అడ్డం లేదు కదా. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, పీజీ ఇంకో మూడేళ్లు, ఆ లెక్క కూడా వేసుకోండి.

అమ్మానాన్నలకి ఒక మాట. పిల్లాణ్ణి "ఏం చేద్దాం" అని డైనింగ్ టేబుల్ దగ్గర పదిమంది ముందు అడిగితే "లాంగ్ టర్మ్" అనే అంటాడు, వద్దంటే ఓడిపోయినట్టు ఉంటుందని. విడిగా, వాకింగ్‌కి తీసుకెళ్లి అడగండి, జవాబు విని రెండురోజులు ఏమీ అనకండి. నిద్ర పట్టడం లేదని, తిండి సహించడం లేదని అంటే కోచింగ్ మాట ఆపేసి ముందు దాని సంగతి చూడండి, టెలి మానస్ నంబర్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇవన్నీ తేల్చుకునేసరికి జులై దాటిపోతే కంగారు అక్కర్లేదు, బ్యాచ్‌లు ఇంకా మొదట్లోనే ఉంటాయి. సెప్టెంబర్ అయితే మాత్రం మధ్యలో దూరి సగం నుంచి వినడం కన్నా, ఇంట్లోనే ఉండి ఫిజిక్స్‌కి ఒక మంచి ట్యూషన్, ఆదివారాలు బయట గ్రాండ్ టెస్టులు పెట్టుకోవడమే నయం.