మోల్డ్ ఎంఐసీ ప్లేటు ఇష్టమొచ్చినట్టు వస్తోందా? ముందు ఒక చుక్క స్లైడ్ మీద చూడండి

మోల్డ్ (బూజు ఫంగస్) పెరుగుదలను ఆపే కనీస మందు మోతాదే ఎంఐసీ; ప్లేటులో ఒక్కో వెల్ (గుంట) ఒక్కో మోతాదు. లక్షణం ఇది: ఫంగస్ మందు వోరికొనజోల్ 0.5, 1 (మైక్రోగ్రాములు/మి.లీ.) వెల్స్ ఖాళీ, 2లో మాత్రం దూదిపింజలా పెరిగింది, 4లో మళ్లీ ఏమీ లేదు. డూప్లికేట్ వరస చూస్తే ఇంకో లెక్క.

అందరూ ముందు మందునే తిడతారు. తర్వాత ఆర్‌పీఎంఐ (ఫంగస్‌ని పెంచే ద్రవం) పీహెచ్ 7.0 ఉందా అని నాలుగుసార్లు కొలుస్తారు. క్యాండిడా పారాప్సిలోసిస్ క్యూసీ (ఫలితం ముందే తెలిసిన జీవితో పెట్టే సరిచూపు) సరిగ్గా వచ్చిందా? వస్తే వాటి జోలికి పోకండి. కానీ క్యాండిడా ఈస్టు, మీరు పెట్టింది మోల్డు. క్యూసీ పాసైందని మోల్డ్ సస్పెన్షన్ (సెలైన్‌లో కలిపిన స్పోర్లు, అంటే ఫంగస్ విత్తనాలు) బాగున్నట్టు కాదు. నేను బోల్తా పడింది ఇక్కడే.

కర్నూలు దగ్గర పల్లె రైతు, వేరుశనగ నూర్పిళ్లలో కంట్లో పొట్టు పడింది, కార్నియా (కంటి నల్లగుడ్డు పొర) స్క్రేపింగ్‌లో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే మోల్డు. మూడుసార్లు ప్లేటు పెట్టాను, మూడుసార్లూ ఇదే గొడవ. ఓడీ (సస్పెన్షన్ ఎంత మబ్బుగా ఉందో చెప్పే కొలత) 530 నానోమీటర్ల దగ్గర 0.11, అంటే ఉండాల్సిన 0.09-0.13 లోపలే. కాలనీ కౌంటూ సరిపోయింది. మా సీనియర్ అన్న వచ్చి ఒకటే అడిగాడు: "స్లైడ్ చూసినావా?" చూడలేదు. 40ఎక్స్ కింద పెడితే స్పోర్ల మధ్య హైఫా (ఫంగస్ పోగులు) ముక్కలు, చిక్కుపడ్డ జుట్టులా. ఓడీకి స్పోరేదో హైఫా ఏదో తెలియదు, ముద్ద ఎంత పెద్దదైనా కల్చర్ ప్లేటు మీద ఒక్క కాలనీయే, అందుకే రెండూ నన్ను మోసం చేశాయి. ముద్ద ఏ వెల్‌లో పడితే ఆ వెల్‌లో పెరుగుతుంది, అంతే.

స్వాబ్‌తో అగర్ లేచొచ్చేలా గీకితే ఇలాగే అవుతుంది. ట్వీన్ 20 చుక్క వేసిన సెలైన్‌తో పైపైన తడిపి తీయండి, 5 నిమిషాలు కదపకుండా ఉంచండి, పై భాగం మాత్రమే వేరే ట్యూబులోకి తీసి 15 సెకన్లు వోర్టెక్స్ చేయండి. ఆ 5 నిమిషాలే ఎవరూ ఆగరు! స్లైడ్‌లో ఇంకా హైఫా కనిపిస్తే 11 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టండి. ఓడీ, 1:50 డైల్యూషన్ ఆ తర్వాతే. ఇలా మధ్యలో వెల్స్ వదిలి పెరిగిన ప్లేటు రిపోర్టు ఇవ్వకండి, మళ్లీ పెట్టండి.

మిగతావి అరుదు. ఎండాకాలం అంచు వెల్స్ ఎండిపోతే తడి గుడ్డ పెట్టిన డబ్బాలో ఉంచండి. క్యాస్పోఫంజిన్‌ (ఇంకో ఫంగస్ మందు)లో పెరుగుదల పూర్తిగా ఆగలేదని కంగారొద్దు, అక్కడ చూడాల్సింది ఎంఈసీ (పోగులు పొట్టిగా, గుబురుగా మారే కనీస మోతాదు). రైజోపస్ అనే మోల్డుకి వోరికొనజోల్ ఎంఐసీ ఎక్కువ వచ్చిందా? దాని తత్వమే అంత, ప్లేటు మళ్లీ పెట్టక్కర్లేదు.