పేద చిన్నతనాన్ని రాయాలంటే
మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. చిన్నప్పటి కష్టాలు రాద్దామని కూర్చుంటే మొదటి పేజీ నిండా ఆకలి, కన్నీళ్లు అనే మాటలే. చింపేశాను. మీరూ వాటిని పక్కన పెట్టి, ముందు మీ చేతులు ఏం చేశాయో రాయండి.

జూన్, జూలైలో వేసిన శనక్కాయ చెట్లు పీకేశాక కొన్ని కాయలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. తొమ్మిదేళ్లప్పుడు తొలికతో తవ్వి అవి ఏరేదాన్ని. గోళ్ల సందుల్లో ఎర్రమన్ను. ఒడి నిండా కాయలు అంగట్లో ఇచ్చి నోటుబుక్కు నేనే కొనుక్కున్నా, ఇంట్లో ఎవరినీ అడగకుండా.

ఎన్ని శేర్లు, ఎంత ధర అన్నది మాత్రం అమ్మనడగండి. మన జ్ఞాపకం దేన్నైనా రెట్టింపు చేస్తుంది (నాది మరీనూ). ధైర్యంగా బతికామని రాయకండి. అప్పుడు నాకున్న టెన్షన్ ఒక్కటే, అంగడాయన తూకంలో కొట్టేస్తాడని. నేనైతే ఆ తక్కెడ దగ్గరే మొదలుపెట్టాను.