దొరికిన ఫొటోలతో కళాసాధన – మూడవ పాఠం: పడుగు, పేక

గత పాఠంలో, ఎవరివో తెలియని పాత ఫొటో వెనుక ఉన్న స్టూడియో ముద్రనూ చేతిరాతనూ చదవడం అభ్యసించాం. ఈసారి అలాంటి ఫొటోను మన ఇంటి ఫొటోతో కలిపి చాపలా నేయడం నేర్చుకుందాం.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవారు 1968లో వియత్నాంలో పుట్టిన డిన్ క్యూ. లే. అప్పట్లో పొరుగున కంబోడియాను పాలిస్తున్న ఖ్మేర్ రూజ్ సేనల దాడుల వల్ల ఆయన కుటుంబం 1978లో దేశం విడిచి, తరువాత అమెరికాలో స్థిరపడింది. ఇంటి ఫొటోలు వెనుకే ఉండిపోయాయి. పెద్దయ్యాక ఆయన వియత్నాం తిరిగి వెళ్లి, తమ ఫొటోలు ఎక్కడైనా కనబడతాయేమోనన్న ఆశతో పాత సామాన్ల దుకాణాల్లో వెతికారు. అలా పోగైన పరాయి కుటుంబాల ఫొటోలను దారాలతో కలిపి పెద్ద తెరలా వేలాడదీశారు. ఫొటోలను నేసే పని మాత్రం అంతకుముందే మొదలైంది: చిన్నప్పుడు మేనత్తో పిన్నో గడ్డి చాపలు అల్లుతుంటే నేర్చుకున్న విద్యనే ఆయన ఫొటో కాగితం మీదికి తెచ్చారు.

మీరు అసలు ఫొటోను ఎన్నడూ కోయకండి. రెండు ఫొటోలకూ మెరుపు లేని కాగితం మీద ఎ4 సైజులో నకళ్లు తీయండి. పరాయి ఫొటోను పడుగుగా, అంటే నేతలో నిలువు పోగులుగా తీసుకుని, పై అంచున 2 సెంటీమీటర్లు కోయకుండా వదిలి, నిలువుగా 7 మిల్లీమీటర్ల పట్టీలు కోస్తే సరిగ్గా 30 వస్తాయి. మన ఇంటి ఫొటోను పేకగా, అంటే అడ్డపోగులుగా తీసుకుని, అడ్డంగా అంతే వెడల్పున పూర్తిగా కోసి, వెనుక పెన్సిలుతో వరుస సంఖ్యలు వేయండి. ఈ సంఖ్యలు వేయడానికి బద్ధకించినవారు తరువాత గంటల తరబడి ముఖాన్ని వెతుక్కోవలసి వస్తుంది. ఇక ఒక పడుగు మీదుగా, మరొక పడుగు కిందుగా పేకను పోనిస్తూ, ప్రతి వరుసనూ పైకి బిగించండి.

ఇలా నేసినప్పుడు ఒక్కొక్క ఫొటోలో సగమే పైకి కనబడుతుంది. ఏ సగం దాచాలన్నదే ఇక్కడ కళాకారుడి నిర్ణయం. అందుకే కోసే ముందు స్కేలుతో కంటి వెడల్పు కొలవండి. పట్టీ కన్ను కంటే వెడల్పుగా ఉంటే కన్ను మొత్తం మాయమైపోవచ్చు. పట్టీ కంటి వెడల్పులో సగమే ఉంటే చూపు తునకలైనా నిలుస్తుంది. ఎక్కడైనా ఇంటి ఫొటోలోని ముఖం చెదరకుండా ఉండాలనిపిస్తే, ఆ చోట పేకను మూడు నాలుగు పడుగుల మీదుగా ఒక్కసారే దాటించండి. అయితే మీ తాతగారి ముఖాన్ని పూర్తిగా నిలిపి, పరాయి ఫొటోలోని పేరు తెలియని స్త్రీ ముఖాన్ని మాత్రం గళ్లుగా మిగిల్చితే, ఆమె మీ కుటుంబ కథకు వెనుక తెర అయిపోతుంది. అది కావాలనే చేశారా, చేయి అలవాటుగా అటు పోయిందా అన్నది మీరే చూసుకోవాలి.

పట్టీలను జిగురుతో అంటించకండి. వచ్చే పాఠంలో ఇదే నేతను విప్పి, పడుగును పేకగానూ పేకను పడుగుగానూ మార్చి మళ్లీ నేస్తాం. అప్పటిదాకా ఇప్పటి నేతను ఫొటో తీసి దాచుకోండి.