గాలి వేగం చూసేటప్పుడు గస్ట్ కూడా చూడండి

యాసంగి వడ్లు ఆరబోసినవాళ్లు ఫోన్‌లో వానొక్కటే చూసి ఊరుకోకండి. గాలి దగ్గర చాలా యాప్‌లలో రెండు అంకెలుంటాయి. మొదటిది కొన్ని నిమిషాల సగటు వేగం. గస్ట్ అని ఉండే రెండోది, కొన్ని సెకన్లపాటు ఒక్కసారిగా విసిరికొట్టే గాలి. పట్టాలు ఎగిరేది, రేకులు లేచేది దీనికే. సగటు 15 కిలోమీటర్లే ఉన్నా గస్ట్ 45 చూపిస్తే జాగ్రత్తపడాలి. మన వరంగల్ వైపు ఏప్రిల్, మే నెలల్లో గాలి దుమారం ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే లేస్తుంది కదా. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. 20కి ఆగిన పట్టా 40కి ఆగుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. పొద్దుగాలే గస్ట్ చూసుకుని, మధ్యాహ్నంలోపు వడ్లు కుప్ప చేసి పట్టా అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టండి. నాలుగు రాళ్లు చాలవు.

అంకె పక్కన ఏ కొలత ఉందో కూడా చూడాలి. నాట్స్ అయితే 1.85తో, సెకనుకు మీటర్లు అయితే 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి.

ఇక దిక్కు. వాయవ్యం అని రాస్తే గాలి వాయవ్యం నుంచి వస్తోందని అర్థం, అటు పోతోందని కాదు. చేనుకు మందు కొట్టేవాళ్లకు ఇది చాలా ముఖ్యం, ఎదురుగాలిలో కొడితే మందంతా మీదికే వస్తుంది. పట్టాను మాత్రం నాలుగు వైపులా గట్టిగా కట్టండి. ఉరుముల మబ్బు దగ్గరికొచ్చిందంటే నిమిషాల్లోనే గాలి దిక్కు మారిపోతుంది.