జియోకాషింగ్: ‘గత 7 రోజుల్లో మారినవి’ ఫిల్టర్‌తో తికమక పడుతుంటే

జియోకాషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాను (దాన్నే కాష్ అంటారు) జీపీఎస్‌తో వెతికే ఆట. అలా ఒక కాష్ కోసం ఒక రాళ్లగుట్ట దగ్గర 40 నిమిషాలు వెతికాను. ఆ కాష్‌ను ఓనర్, అంటే దాచినవాళ్లు, పది రోజుల ముందే తీసేసి, సైట్‌లో దాని పేజీని ఆర్కైవ్ చేశారని (పూర్తిగా మూసేశారని) ఇంటికొచ్చాక తెలిసింది. వారం వారం ‘గత 7 రోజుల్లో మారినవి’ అని టిక్ పెట్టి పాకెట్ క్వెరీ, అంటే మనం పెట్టిన షరతులకు సరిపోయే కాష్‌ల జాబితా ఫైల్, సైట్ నుంచి దించుకుంటూనే ఉన్నాను. అయినా నా జీపీఎస్‌లో ఆ కాష్ అలాగే ఉండిపోయింది.

కారణం ఒక్కటే. ఆర్కైవ్ అయిన కాష్ పాకెట్ క్వెరీలో రాదు. అంటే అన్నిటికంటే పెద్ద మార్పే మారినవాటి జాబితాలో కనిపించదు. ఆ ఫిల్టర్ కొత్త సమాచారం తెచ్చిపెడుతుందే తప్ప, పాతవాటిలో దేన్ని తీసేయాలో చెప్పదు.

అందుకే నెలకోసారి ఆ టిక్ తీసేసి, నేను తిరిగే ప్రాంతం మొత్తానికీ క్వెరీ నడుపుతాను. దించుకున్న కాష్‌లను కంప్యూటర్‌లో భద్రపరిచే జీశాక్ (GSAK) సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ‘లాస్ట్ జీపీఎక్స్ డేట్’ కాలమ్‌ను, అంటే ఆ కాష్ చివరిసారి ఫైల్‌లో వచ్చిన తేదీని, వరసలో పెట్టి చూడండి. ఈరోజు ఫైల్‌లో రానివన్నీ పాత తేదీతో ఒకచోటికి చేరతాయి. వాటి పేజీలు ఒక్కొక్కటే తెరిచి చూడాలి, వెంటనే డిలీట్ చేసేయొద్దు. ఎందుకంటే ఒక క్వెరీలో 1000 కాష్‌లే వస్తాయి. మీ ప్రాంతంలో 1400 ఉంటే, మీరిచ్చిన కేంద్రానికి దూరంగా ఉన్న 400 బాగానే ఉన్నా రావు. కాష్‌లు దాచిన తేదీని బట్టి నేను క్వెరీని రెండు మూడు ముక్కలు చేస్తాను: ఫలానా తేదీ వరకు ఒకటి, ఆ మర్నాటి నుంచి ఇంకొకటి. ఒక్కో ముక్క 1000 లోపు ఉంటే ఏదీ జారిపోదు. ఈ పద్ధతి మొదలుపెట్టాక నాకు ఖాళీ చేతులతో తిరిగొచ్చే టెన్షన్ చాలా తగ్గింది.

కొత్త కాష్‌ల కోసం ‘గత వారంలో దాచినవి’ అని అడిగితే మరో చిక్కు. ఆ తేదీ ఓనర్ రాసేది, పేజీ ప్రచురించిన తేదీ కాదు. నెల క్రితం డబ్బా పెట్టి నిన్న ప్రచురణ అయిన కాష్ ఆ జాబితాలో ఉండదు. ఈవెంట్లకైతే (ఆటగాళ్లు కలుసుకునే కార్యక్రమాలకు) అక్కడ ఉండేది ఈవెంట్ జరిగే తేదీ.

ఒక్క ఫలితమూ రాలేదా? పనిచేస్తున్నవి, పనిచేయనివి అనే రెండు గడులకూ టిక్ పెట్టారేమో చూడండి. పెట్టిన షరతులన్నీ ఒకేసారి నిజం కావాలి కాబట్టి సున్నాయే వస్తుంది. ఇక 7 రోజుల ఫిల్టర్‌ను సరిగ్గా 7 రోజులకోసారి నడిపితే, ఒకపూట ఆలస్యమైనా మధ్యలో ఖాళీ పడుతుంది. వారానికి రెండుసార్లు నడపండి. ఒకే కాష్ రెండుసార్లు వచ్చినా నష్టం లేదు.

జాబితాలోకి వచ్చిన కాష్‌లో ఏం మారిందో ఫిల్టర్ చెప్పదు. అది లాగ్‌లలోనే, అంటే ఆటగాళ్లూ ఓనరూ కాష్ పేజీలో రాసే నోట్లలోనే, వెతుక్కోవాలి. ఫైల్‌తో పాటు చివరి 5 లాగ్‌లు వస్తాయి. నేను ముందు చూసేది కోఆర్డినేట్లు (కాష్ ఉన్న చోటును చెప్పే జీపీఎస్ అంకెలు) మార్చిన లాగ్ ఉందా అని. రివ్యూయర్‌ను (కాష్‌లను పరిశీలించి ప్రచురించే సైట్ వాలంటీర్‌ను) అడగకుండానే ఓనర్ కాష్‌ను 161 మీటర్ల వరకు జరపొచ్చు. పాత అంకెలతో వెళ్తే వాగుకు ఇవతల గట్టున మీరు, అవతల గట్టున డబ్బా ఉండొచ్చు. తర్వాత వరసగా దొరకలేదన్న లాగ్‌లు, వాటి తర్వాత ఓనర్ మెయింటెనెన్స్ లాగ్ (ఓనర్ వెళ్లి కాష్‌ను సరిచూసుకున్నట్టు రాసిన నోట్) ఉన్నాయేమో చూస్తాను. దొరకలేదని ముగ్గురు రాసినా ఓనర్ పలకకపోతే, దూరం ఎక్కువైనప్పుడు నేను వెళ్లను.

బయల్దేరే రోజు పొద్దున మాత్రం, వెళ్లబోయే నాలుగైదు కాష్‌ల పేజీలు ఫోన్‌లో నేరుగా తెరిచి చూడండి. రాళ్లగుట్టకు వెళ్లిన రోజు నేను చేయని పని అదే.