పెద్దయ్యాక నేర్చుకున్న భాష సొంత భాషలా వస్తుందా? వస్తే ఎలా?

ఉన్నమాట చెప్తాను. ఇరవై దాటాక మొదలుపెట్టి, అచ్చం ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లలా మాట్లాడేవాళ్లు ఉన్నారు, కాకపోతే చాలా తక్కువ మంది. 2009లో వచ్చిన ఒక స్వీడిష్ పరిశోధనలో, వినడానికి స్థానికుల్లా అనిపించినవాళ్లలో కొందరిని తీసుకుని లోతుగా పరీక్షించారు. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లు ఒక్కరు కూడా అన్ని పరీక్షల్లో స్థానికుల స్థాయిని అందుకోలేదు. అలాగని నిరాశపడకండి. పోలండ్ కుటుంబంలో పుట్టిన జోసెఫ్ కాన్రాడ్ ఇరవై దాటాకే ఇంగ్లీషు మాట్లాడటం మొదలుపెట్టి, ఆ భాషలో గొప్ప నవలాకారుడయ్యాడు, యాస మాత్రం చివరిదాకా పోలేదు. యాస వేరు, భాష మీద పట్టు వేరు. మీకు ఏది కావాలో ముందే తేల్చుకోండి, ఎందుకంటే రెండింటికీ చేయాల్సిన సాధన వేరు.

యాస కావాలంటే నోటికంటే ముందు చెవిని సరిచేయాలి. ఇంగ్లీషులో పడమరని ఒక వెస్ట్ అంటారు, చొక్కా లోపల వేసుకునే బనియన్‌ని ఇంకో వెస్ట్ అంటారు. తెలుగు లిపిలో రెండూ ఒకేలా రాస్తాం, చాలామందికి ఒకేలా వినపడతాయి కూడా. పడమరకి పెదాలు గుండ్రంగా ముందుకొస్తాయి, పళ్లు ఎక్కడా తగలవు, బనియన్‌కి పై పళ్లు కింది పెదవిని తాకాలి. అద్దం ముందు నిలబడి చేసి చూడండి. కానీ అంతకంటే ముందు ఇలాంటి జంట మాటలు రకరకాల గొంతుల్లో వింటూ ఏది ఏదో చెప్పడం, వెంటనే జవాబు సరిచూసుకోవడం రోజూ ఓ పావుగంట చేయండి. జపాన్ వాళ్లకి ఇంగ్లీషు ర, ల తేడా ఇలాగే పలువురి గొంతులతో నేర్పితే, విడిగా పలకడం నేర్పకుండానే వాళ్ల ఉచ్చారణ కూడా మెరుగుపడింది. ఒకే టీచర్ గొంతుకి అలవాటుపడితే బయటివాళ్ల మాట అర్థం కాక టెన్షన్ పడతారు.

పట్టు కావాలంటే విడి మాటలు బట్టీ పట్టడం ఆపేయండి. ఎవరైనా మనతో "మాత్ర తిన్నాను" అంటే అర్థమవుతుంది, వ్యాకరణం కూడా తప్పు కాదు, కానీ మనం "వేసుకున్నాను" అంటాం కదా! పరాయి భాషలో మనం రోజుకి పదిసార్లు చేసేది ఈ తప్పే, అవతలివాళ్లకి అర్థమైపోతుంది కాబట్టి ఎవరూ దిద్దరు, దిద్దకపోతే అదే గట్టిపడిపోతుంది. అందుకే కొత్త మాట రాసుకునేటప్పుడు అది ఏ క్రియతో వస్తుందో మొత్తం వాక్యంతో సహా రాసుకోండి.

ఇక దిద్దించుకోవడం. మీరు రెండు నిమిషాలు మాట్లాడి రికార్డ్ చేసి, ఆ భాష బాగా వచ్చినవాళ్లకి పంపండి. "ఎలా ఉంది?" అని అడిగితే మర్యాదకి బాగుందంటారు. "మీరైతే ఇందులో ఏ వాక్యం ఇలా అనరు?" అని అడగండి. వాళ్లు చూపించినవాటిలో ఒక్కటే తీసుకుని వారమంతా దాని మీదే ఉండండి, తర్వాత అదే విషయం మీద మళ్లీ మాట్లాడి పంపండి.